తీసివేత లెక్క

పొద్దున ఐదున్నరకు మా పని సున్నం సంచితో మొదలవుతుంది. పాత డాల్డా డబ్బా అడుగున మేకుతో పదిపన్నెండు చిల్లులు పొడవాలి. నిండా సున్నం పోసుకుని, కట్టిన పురికొస వెంట డబ్బాను తట్టుకుంటూ నడవాలి. గాలి చర్చి వైపు నుంచి వీస్తే గీత వంకర పోతుంది, కళ్ళు మండుతాయి. మెదక్‌లో ఏ మైదానంలో నిలబడి తల ఎత్తినా ఆ ఎత్తైన గోపురం ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. 1924 క్రిస్మస్ నాడు తెరిచిన చర్చి అది. మా పిల్లలకు మాత్రం అది గోలు గురి చూసుకునే గుర్తు.

ఫుట్‌బాల్ జట్టును ఎలా తయారు చేయాలో చెప్పమని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు పీఈటీలు అడిగారు. మా ఊళ్ళో క్రికెట్ బ్యాటు లేని ఇల్లు వెతకాలి, ఫుట్‌బాల్ ఉన్న ఇల్లు కూడా వెతకాల్సిందే. అయినా అడిగారు కాబట్టి చేసేదంతా చేసిన వరుసలోనే చెబుతాను. చేతిలో ఉండాల్సినవి నాలుగు బంతులు, పద్నాలుగు ఎర్ర గుడ్డపేలికలు, ఒక ఈల, సున్నం. ఓపిక సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. హైదరాబాదు బడిపంతులు ఒకాయనది. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. 1909లో పుట్టాడు. ఉస్మానియాలో బీఏ చదివి కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పగ్గాలు పట్టాడు. అప్పటికి మా మెదక్ కూడా ఆ హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే. ఆయన కూడా ఆడాడు, విశ్వవిద్యాలయం జట్టుకూ క్లబ్బులకూ. అయితే ఆటగాడిగా ఆయన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. పంతులుగానే గుర్తుంచుకున్నారు.

ఆయన చేసిన పనులను వరుసగా పేర్చి చూస్తే నాకు మూడో తరగతి లెక్కల పుస్తకం గుర్తుకొస్తుంది. అన్నీ తీసివేతలే. పిల్లవాడికి కొత్తది ఇవ్వకముందు, వాడు ఆనుకుని నిలబడ్డ దాన్ని పక్కకు తీసేవాడు.

మొదటి తీసివేత మైదానం నుంచే. పెద్దల మైదానం పొడవు 90 నుంచి 120 మీటర్ల దాకా ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లలను అందులో వదిలితే ఏమవుతుందో ఒకసారి వదిలి చూశాను. నలుగురు బంతి వెంట పడ్డారు. మిగతావాళ్ళు గట్టు మీద మేకలను లెక్కపెట్టుకున్నారు. గోల్‌కీపర్ కూర్చుని పల్లేరుకాయలు ఏరుకున్నాడు. అందుకే నా అంగలతో పొడవు 60, వెడల్పు 40 గీస్తాం. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. బంతి కూడా చిన్నదే, 4వ నంబరు. పెద్దలు ఆడే 5వ నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. చిన్న పాదానికి అది బరువే. ఒకటి రెండు రోజులు గట్టిగా తన్నితే మరునాడు కాలు కుంటుతూ వస్తాడు, మూడోనాడు రాడు. గాలి పంపుతో కొట్టాక బొటనవేలితో నొక్కి చూడండి, కొద్దిగా లోపలికి పోవాలి. రాయిలా ఉన్న బంతిని పిల్లవాడు కాలితో ఆపలేడు. అది వాడి తప్పూ కాదు.

రెండోది కాలు. పని అంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువసేపు నిలబడదాం.

ప్రతి పిల్లవాడికీ ఒక కాలు మాట వింటుంది, ఒకటి వినదు. వినే కాలు ఏదో అడిగితే చెప్పలేరు. బంతి దొర్లించండి, ఏ కాలు ముందుకొస్తే అదే. ఆ కాలి చీలమండ పైన ఎర్ర పేలిక కట్టండి. ఇక ఆ కాలితో పరుగెత్తవచ్చు, నిలబడవచ్చు, బంతిని మాత్రం ముట్టకూడదు. ముట్టితే బంతి అవతలి జట్టుకు పోతుంది.

మొదటి రోజు చూడముచ్చటగా ఏమీ ఉండదు. బంతి ఒక పక్క, కాలు ఒక పక్క. మా దగ్గర ఒక పిల్లవాడు పది నిమిషాలు ఆడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "సార్, గీ కాలు నాది కాదన్నట్టే ఉంది" అన్నాడు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. అప్పుడు మీరు చూడాల్సింది తన్నే కాలిని కాదు, నిలబడ్డ కాలిని. అది బంతికి జానెడు దూరంలో, పక్కనే ఉందా? ఆ పాదం వేళ్ళు బంతి వెళ్ళాల్సిన దిక్కుకు చూస్తున్నాయా? మోకాలు కొంచెం వంగిందా? నిలబడ్డ కాలు బంతికి వెనకబడితే బంతి పైకి లేస్తుంది, మరీ ముందుకు పోతే బంతి నేలకు కరుచుకుంటుంది. ఇక తన్నే కాలి చీలమండను గట్టిగా బిగించి, పాదం లోపలి పక్కతో నెట్టాలి. చీలమండ వదులైతే తడిబట్టతో గోడను కొట్టినట్టే. ఒక రోజుకు ఒకటే చెప్పండి. ఒకనాడు నిలబడ్డ కాలు, మరునాడు మోకాలు. అన్నీ ఒకేసారి చెబితే ఆ పిల్లవాడు పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా బిగుసుకుపోతాడు.

దీన్ని గోడకు కొట్టే కసరత్తుగా కూడా చేయించవచ్చు, చాలామంది చేయిస్తారు. రహీం సాబ్ తెలివి ఇక్కడే పట్టుబడుతుంది. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని ఆయన ఏకంగా పోటీలే పెట్టించాడు. గోడకు వందసార్లు కొట్టమంటే పిల్లవాడు ముప్ఫైకి అలిసిపోతాడు. అదే పోటీలో, గోలు కొట్టాలన్న కసిలో, ఎడమకాలితో ఎన్నిసార్లు తన్నాడో వాడికే లెక్క ఉండదు. హోంవర్కు అని చెప్పకుండా హోంవర్కు చేయించడం పంతుళ్ళకు తెలిసిన విద్యే కదా.

మూడు వారాలు పడుతుంది. రెండో వారంలో ఏడుపులు ఉంటాయి. ఎవరో ఒకరి నాన్న వచ్చి, మావాడు కుడికాలితో బ్రహ్మాండంగా ఆడతాడు, ఎందుకు చెడగొడుతున్నారని అడుగుతాడు. టీ తాగించి పంపండి.

మూడో తీసివేత చాలామందికి గిట్టదు. డ్రిబ్లింగ్ తీసేయడం. బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ఇద్దరిని దాటించడమే ఆట అనుకునే పిల్లలకు ఇది అన్నం కంచం లాక్కున్నట్టు ఉంటుంది. రహీం సాబ్ దీనికీ పోటీలు పెట్టాడు. బంతి వచ్చిందంటే ఒక్క తాకుతో ఇంకొకరికి వెళ్ళిపోవాలి. మేం మొదట మూడు తాకులు ఇస్తాం, వారం తర్వాత రెండు, ఆ తర్వాత ఒకటి. ఒకే తాకు అనగానే మీ కళ్ళ ముందే ఒక చిత్రం జరుగుతుంది. పిల్లల మెడలు కదలడం మొదలవుతుంది. బంతి వచ్చాక ఆలోచించే వ్యవధి లేదు కాబట్టి, రాకముందే ఎవరెక్కడ ఉన్నారో చూసుకోవాలి. బంతి లేనివాడు కూడా ఖాళీ ఉన్న చోటికి ఉరకాలి, లేకపోతే స్నేహితుడు ఎవరికి ఇస్తాడు? ఇవన్నీ నోటితో చెబితే నెల పడుతుంది. నియమం పెడితే నాలుగు రోజుల్లో వాళ్ళే పట్టుకుంటారు.

ఈ చదువు ఏం చేయగలదో 1950 నుంచి 1954 దాకా బొంబాయి చూసింది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆ ఐదేళ్ళూ వరసగా రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల ముందు మన పోలీసువాళ్ళ జట్టు! దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజులవి. ఆ మాటలో ఇప్పటికీ కొంత నిజముంది, చెప్పడానికి నాకు ఇష్టం లేకపోయినా.

తీసివేతలో రహీం సాబ్‌కే గట్టిగా తగిలిన దెబ్బ ఒకటుంది, అది దాచిపెట్టి ఈ కథ చెప్పలేం. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. సాహు మేవాలాల్ కొట్టిన గోలు అది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో అదే భారత్ 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ చలిలో, తడిసిన గడ్డి మీద, బూట్లు తొడుక్కున్న యూరప్‌వాళ్ళ ముందు. ఆ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. మా పిల్లల్లో సగం మంది చెప్పులు వదిలేసి ఆడతామంటారు. ఒద్దు. మామూలు కాన్వాసు బూట్లు చాలు, మేకుల బూట్లు కొనమని ఎవరినీ ఒత్తిడి చేయకండి. కానీ వట్టి కాళ్ళ ఆట మాత్రం తీసేయండి. ఇదీ తీసివేతే.

నాలుగోది స్థానం. నెల రోజులు గడిచేసరికి పిల్లలు తమ చోట్లకు పట్టాలు రాయించుకుంటారు. నేను ఫార్వర్డ్, వాడు బ్యాక్, లావుగా ఉన్నవాడు గోల్‌కీపర్. ముఖ్యంగా ఆ చివరిది వెంటనే తీసేయండి. పది నిమిషాలకొకసారి ఈల వేసి అందరినీ తిప్పండి. వెనక ఆడినవాడు ముందుకు, గోల్‌కీపర్ మధ్యకు. ఎత్తు కొలిచి పెట్టే పోటీలు మన దేశంలో పాత ఆచారమే. కర్ర అడ్డంగా పెట్టి దాని కింద పట్టినవాడే ఆడాలి. వీలైతే అదీ ఒకటి పెట్టండి, పొట్టివాళ్ళ మొహాలు ఆ రోజు చూడాలి.

చోట్లు మార్చడం రహీం సాబ్‌కు సరదా కోసం చేసే పని కాదు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారాక ఇంగ్లాండులో ముగ్గురు బ్యాక్‌ల పద్ధతి వచ్చింది. 1953లో హంగేరీ తన సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించి, వెంబ్లీలో ఇంగ్లాండును 6-3తో చిత్తు చేసింది. ఇలా ప్రపంచంలో చోట్లు ఎక్కడెలా మారుతున్నాయో ఆయన కనిపెట్టుకుని ఉండేవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన నడిపిన మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆసియా నుంచి ఒలింపిక్ సెమీఫైనల్ దాకా వెళ్ళిన తొలి జట్టు అదే. సెమీస్‌లో మళ్ళీ యుగొస్లావియాయే అడ్డుపడింది, 4-1. మూడో స్థానం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ జట్టులో మన హైదరాబాదు, సికింద్రాబాదు పిల్లలు ఎందరో. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్స్ నాటికి ఇరవై ఏళ్ళ కుర్రవాడు.

స్థానం తీసేస్తే ఏమవుతుందో జకార్తాలో తేలింది. 1962 ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0. రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ ఆయన్ని వెనక నుంచి తీసి ముందు నిలబెట్టాడు, సెంటర్ ఫార్వర్డ్‌గా! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపులో జర్నైల్‌ది ఒక గోలు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకులే. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదని మన అధికారి ఒకరు గట్టిగా నిలదీయడంతో ఊరంతా కోపంగా ఉంది. పి.కె. బెనర్జీ ఒకటి కొట్టాడు. జర్నైల్ ఒకటి కొట్టాడు, కుట్లు పడ్డ తలతో. 2-1, స్వర్ణం. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటేడు జూన్ 11న పోయాడు. 53 ఏళ్ళు.

ఐదో తీసివేత దగ్గరికొచ్చాం. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. తీసేయాల్సింది కోచ్‌నే.

ముప్ఫై ఏళ్ళ కింద నేను కాలేజీ జట్టుకు లెఫ్ట్ వింగ్ ఆడాను. ఈ మాట చెప్పుకోవడం మానడానికి నాకు చాలా కాలం పట్టింది. పిల్లలకు నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో, ఏది చెప్పాలన్నా ముందు నేను ఆడి చూపించేవాణ్ణి. బంతిని తొడ మీద ఎగరేసి, భుజం మీదికి తెచ్చి, మడమతో వెనక్కి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకరోజు మోకాలు పట్టేసి గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది. చేసే పనిలేక చూస్తూ కూర్చున్నాను. ఆ గంటలో నాకు కనిపించినవి అంతకు ముందు ఆర్నెల్లలో కనిపించలేదు. ఒకడు ఎప్పుడూ కుడి పక్కకే తిరుగుతాడు. ఇంకొకడు ముందు చూసుకుంటాడు కానీ నోరు విప్పి అడగడు. వాళ్ళ చప్పట్లు విన్నన్నాళ్ళు నేను చూసింది నన్నే.

ఆటగాడు కోచ్ కావడం, ఆ కోచ్ ఇతర కోచ్‌లకు గురువు కావడం, రెండూ వేరు వేరు మెట్లు. ఇందుకు స్కాట్లాండులో ఒకాయన బతుకు మంచి ఉదాహరణ. ఆండీ రాక్స్‌బర్గ్, 1943లో గ్లాస్గోలో పుట్టాడు. క్వీన్స్ పార్క్, పార్టిక్ థిసిల్, ఫాల్కిర్క్ వంటి క్లబ్బులకు ఆడాడు. గొప్ప ఆటగాడని ఎవరూ అనలేదు. ఆయనా బడిపంతులే! 1975లో స్కాట్లాండ్ ఫుట్‌బాల్ సంఘానికి కోచింగ్ డైరెక్టరయ్యాడు. 1982లో ఆయన తీర్చిదిద్దిన 18 ఏళ్ళలోపు జట్టు యూరప్ విజేత. 1986 నుంచి 1993 దాకా దేశపు జట్టును నడిపించి 1990 ప్రపంచకప్‌కూ 1992 యూరోకూ తీసుకెళ్ళాడు. స్కాట్లాండ్ యూరోకు అర్హత సాధించడం అదే మొదలు. ఆ తర్వాత 1994 నుంచి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్యలో సాంకేతిక డైరెక్టరుగా పద్దెనిమిదేళ్ళు కోచ్‌లకు చదువు చెప్పించే పని చేశాడు. సముద్రం ఒడ్డున లార్గ్స్ అనే చిన్న ఊళ్ళో స్కాట్లాండువాళ్ళు నడిపే కోచింగ్ కోర్సుల్లో అలెక్స్ ఫెర్గుసన్ చదువుకున్నాడు, జోసె మౌరిన్హో కూడా కూర్చుని నేర్చుకున్నాడు. 2015లో రాక్స్‌బర్గ్ ఆసియా సమాఖ్యకు సాంకేతిక డైరెక్టరుగా వచ్చాడు. మన కోచ్‌లు ఎక్కే లైసెన్సు మెట్లలో పైవి ఆ సమాఖ్యవే.

ఆ మెట్ల సంగతీ చెబుతాను, ఎందుకంటే మెదక్ పీఈటీలు అది కూడా అడిగారు. కింది మెట్లలో ఒకటి డి లైసెన్సు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తరఫున రాష్ట్ర సంఘాలు కోర్సులు నడుపుతాయి. ఆ తర్వాత సి, బి, ఏ, చివర ప్రో. అక్కడికి వెళ్తే మీరు ఎన్ని గోల్స్ కొట్టారో ఎవరూ అడగరు. కోన్లు ఎక్కడ పెట్టారు, ఎంతమందికి ఎంత చోటు ఇచ్చారు, ఆట ఎప్పుడు ఆపారు, ఆపి ఒక్క తప్పునే దిద్దారా, పది చెప్పారా, అవి చూస్తారు. మొదట్లో చెప్పిన ఎర్ర పేలికల పని నెల రోజులు చేయించినవాడికి ఇందులో కొత్తగా భయపడేది ఏమీ ఉండదు.

ఇక ఆ ఐదో తీసివేత, కోచ్‌ను తీసేయడం ఎలాగంటే, వారానికి ఒక రోజు ఈల పిల్లల చేతికి ఇచ్చేయండి. జట్లు వాళ్ళే పంచుకోవాలి, నియమం వాళ్ళే పెట్టాలి, తగవు వాళ్ళే తీర్చుకోవాలి. మీరు గట్టు మీద కూర్చోండి, నోరు మెదపకండి. మొదటి శనివారం పావుగంట కొట్లాడుకున్నారు. మూడో శనివారం, కాలు తనది కాదన్న ఆ పిల్లవాడే ఈల పట్టుకుని, "ఇయ్యాల అందరు ఎడమకాలే, ఒక్కటే టచ్" అన్నాడు. పేలికలు కూడా వాడే కట్టాడు.

1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి స్వర్ణం రాలేదు. 1970లో కాంస్యం వచ్చింది, అప్పుడు కెప్టెన్ మన హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్. ఆయనే ఆ తర్వాత దేశపు జట్టుకు కోచ్ కూడా అయ్యాడు.

మా ఆట ప్రతి శనివారం, ఆదివారం పొద్దున ఆరింటికి. మీ పిల్లలను పంపండి, చెప్పులతో కాకుండా బూట్లతో. డాల్డా డబ్బా మా దగ్గర ఉంది. సున్నం అయిపోవచ్చింది, వచ్చేటప్పుడు ఒక సంచీ తెండి.